మొరాయించే కారు

డీజిలు కారు ఒకరోజు తాళం తిప్పగానే స్టార్టవుతుంది. ఇంకోరోజు ఎంత తిప్పినా కాదు. రోజూ మొరాయించే బండిని బాగుచేయటం తేలిక. అప్పుడప్పుడూ మొరాయించే బండితోనే చిక్కు. మెకానిక్కు దగ్గరికి తీసుకుపోతే బుద్ధిగా స్టార్టవుతుంది. "బాగానే ఉందిగా" అంటాడు అతను.

పల్నాడు జిల్లా అచ్చంపేటలో ఒకరింట్లో ఇలాంటి పాత డీజిలు కారు ఉందనుకుందాం. భర్త దాన్ని కిరాయికి నడుపుతాడు. సత్తెనపల్లికి, అమరావతికి, గుంటూరుకి జనాన్ని తీసుకుపోతాడు. ఇల్లు గడిచేది ఆ కారు మీదనే. భార్య ఈమధ్యనే రాయటం, చదవటం నేర్చుకుంది.

ఒకనాడు తెల్లవారుజామున కిరాయి వచ్చింది. ముసలాయనను గుంటూరు ఆసుపత్రిలో చూపించాలి. అందరూ వాకిట్లో నిలబడ్డారు. కారు స్టార్టు కాలేదు. వాళ్ళు ఇంకో బండి మాట్లాడుకుని వెళ్ళిపోయారు. కిరాయి పోయింది. నమ్మకమూ పోయింది.

బ్యాటరీ పోయి ఉంటుందని ఎవరో అన్నారు. కొత్త బ్యాటరీ కొన్నారు. పది రోజులకు మళ్ళీ అదే తంతు. సెల్ఫ్ మోటారు చూడమని ఇంకొకరు అన్నారు. అదీ విప్పించారు. వేల రూపాయలు ఖర్చయ్యాయి. జబ్బు మాత్రం పోలేదు.

డీజిలు ఇంజను ఎలా అంటుకుంటుంది?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో అది ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటుంది. డీజిలు ఇంజను గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు నొక్కుతుంది. ఆ వేడిలోకి నాజిలు డీజిలును చిమ్ముతుంది. వెంటనే అంటుకుంటుంది. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు ఇలాంటి ఇంజను నడిపి చూపించాడు. ఆయన పేరే ఇంజనుకీ, నూనెకీ వచ్చింది.

అంటే స్టార్టు కావటానికి మూడు సంగతులు కావాలి. ఇంజను జోరుగా తిరగాలి. ఆ పని బ్యాటరీ, సెల్ఫ్ మోటారు చేస్తాయి. లోపల వేడి పుట్టాలి. చలి పొద్దున హీటరు ప్లగ్గులు అందుకు సాయం చేస్తాయి. మూడోది, డీజిలు అందాలి. గాలి కలవకుండా అందాలి.

ఏది లోపించిందో చెవికీ, కంటికీ కొంత తెలుస్తుంది. తాళం తిప్పితే "టక్" మని ఊరుకుంటే, బ్యాటరీ దగ్గర వైర్లు వదులయ్యాయేమో చూడాలి. వాటికి తెల్లగా బూజులాంటిది పట్టినా కరెంటు సరిగా పారదు. "గుర్... గుర్..." మని నీరసంగా తిరిగితే బ్యాటరీ నీరసపడిందేమో చూడాలి. లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మసకబారితే అనుమానం అటే. జోరుగా తిరుగుతూ కూడా అంటుకోకపోతే వెనక పొగ గొట్టం చూడాలి. తెల్లపొగ వస్తుంటే డీజిలు అందుతోంది గాని అంటుకోవటం లేదు. పొగే రాకపోతే డీజిలు అందటం లేదేమో చూడాలి.

నోటు పుస్తకం

ఇల్లాలు ఒక పని చేసింది. పిల్లవాడి పాత నోటు పుస్తకం తీసుకుంది. "ఏమయ్యా, తాళం తిప్పినప్పుడల్లా ఏం జరిగిందో నాకు చెప్పు. నేను రాస్తా" అంది. అతను నవ్వాడు. అయినా చెప్పాడు. ఆమె రాసింది ఇది:

సోమవారం పొద్దున 5. మన వాకిలి. స్టార్టు కాలేదు. సెల్ఫ్ జోరుగా తిరిగింది. పొగ లేదు.
మంగళవారం పొద్దున 5. రాత్రి బజారులో ఉంది. స్టార్టయింది.
బుధవారం మధ్యాహ్నం 2. మన వాకిలి. అరగంట ఆగింది. స్టార్టయింది.
గురువారం పొద్దున 5. మన వాకిలి. స్టార్టు కాలేదు. చేతి పంపు కొట్టాక అయింది.

నాలుగు వరసలే. కాని కొత్త బ్యాటరీ చెప్పలేనిది ఇవి చెప్పాయి. సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది. కాబట్టి తప్పు బ్యాటరీది కాదు. మంగళవారం పొద్దున కూడా చలే, అయినా స్టార్టయింది. కాబట్టి హీటరు ప్లగ్గుల మీద అనుమానం తగ్గింది. వాకిట్లో రాత్రంతా ఉంటేనే మొరాయిస్తోంది. వాకిలి ఏటవాలు. కారు ముందు భాగం ఎత్తున ఉంటుంది. డీజిలు ట్యాంకు వెనక, పల్లంలో ఉంటుంది. బజారు చదును.

మెకానిక్కు పుస్తకం చదివాడు. "అక్కా, ఇది గాలి పట్టటం" అన్నాడు. కృష్ణ ఒడ్డున డీజిలు ఇంజన్లతో నీళ్ళు తోడే రైతులకు ఈ మాట తెలిసిందే.

"గాలి పోయే చోట డీజిలు కారాలి కదా? నేల మీద చుక్క కూడా లేదు" అని ఆమె అడిగింది. మంచి ప్రశ్న. కొబ్బరి బోండాంలో స్ట్రా వేసి తాగుతాం. స్ట్రాకి చిన్న చీలిక ఉంటే నీళ్ళు బయటికి కారవు. గాలే లోపలికి వస్తుంది. ట్యాంకు నుంచి డీజిలు పీల్చే గొట్టం కూడా అంతే. రాత్రంతా ఆ చీలికలోంచి గాలి దూరుతుంది. గొట్టంలోని డీజిలు మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపుకి గాలే అందుతుంది. అరగంటలో అంత జారదు.

మెకానిక్కు పంపు ముందు కొంత మేర, లోపల కనపడే ప్లాస్టిక్ గొట్టం బిగించాడు. కారు వాకిట్లోనే రాత్రి ఉంచారు. పొద్దున సెల్ఫ్ కొడితే గొట్టంలో బుడగలు కనిపించాయి. వెనక్కి వెతుక్కుంటూ పోతే, ఫిల్టరు దగ్గర రబ్బరు గొట్టం క్లిప్పు కింద చీలి ఉంది. గొట్టం, క్లిప్పు, రెండు రాగి వాషర్లు మార్చాడు. బ్యాటరీ ఖరీదులో ఇది ఏ మూలకీ రాదు.

ఒక్కరోజు స్టార్టయితే బాగైనట్టు కాదు, అప్పుడప్పుడూ వచ్చే జబ్బు కదా. అందుకే ఆమె మరో వారం రాసింది. కారును రోజూ ఆ వాకిట్లోనే, ముందు భాగం ఎత్తున ఉండేలా నిలిపారు. ఏడు పొద్దులూ స్టార్టయింది.

జాగ్రత్తలు

సెల్ఫ్ ఒకేసారి పది సెకన్లకు మించి కొట్టకూడదు. అర నిమిషం ఆగి మళ్ళీ కొట్టాలి. గేరు న్యూట్రల్లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేయాలి. ఇంజను మీదికి వంగితే పైటకొంగు, జడ బెల్టుకు అందకుండా బిగించుకోవాలి. కొత్త రకం కార్లలో నాజిళ్ళకు పోయే గొట్టాలను ఇంట్లో విప్పకూడదు. ఆ డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయేంత జోరుగా చిమ్ముతుంది. ఆ బండ్లకు మెకానిక్కు మిషను తగిలించి చూస్తాడు. అయినా ఎప్పుడు, ఎక్కడ, ఏ చప్పుడుతో మొరాయించిందో బండి వాళ్ళే చెప్పాలి.

చదవండి, రాయండి

1. మంగళవారం కారు ఎందుకు స్టార్టయింది?
2. నేల మీద డీజిలు చుక్క ఎందుకు లేదు?
3. మీ ఇంట్లో అప్పుడప్పుడూ మొరాయించే వస్తువు ఏది? బోరు మోటారా, ఫ్యానా, మోపెడా? నాలుగు రోజులు చూసి నాలుగు వరసలు రాయండి.