కార్యదర్శి చెప్పే మాట, వినే మాట

సంఘ కార్యదర్శి పని అనగానే పాలు కొలవడం, పుస్తకాలు వ్రాయడం, క్యాన్లు పంపడం అని చాలామంది అనుకొంటారు. ఇవన్నీ సక్రమంగా జరిగినా, వాటి సంగతి సభ్యులకు తెలియకపోతే సంఘం నిలవదు. సమాచారం సభ్యునికి చేర్చడం, సభ్యుని మాట పాలకవర్గానికి చేర్చడం కూడా కార్యదర్శి విధియే.

1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాడి రైతులు త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన యూనియన్ స్థాపించుకొన్నారు. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ ఆ పద్ధతిని దేశమంతటా వ్యాపింపజేసింది. పాలను పరీక్షించి, నాణ్యతను బట్టి ధర చెల్లించడం అందులో ముఖ్యాంశం. ఆ పరీక్షపై నమ్మకం లేనిచోట సంఘమే లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం మెట్టలో వేసవికి పచ్చిమేత కరువవుతుంది. వేరుశనగ కట్టె, జొన్న సొప్పతోనే పశువును నెట్టుకురావాలి. చాలినంత మేత, దాణా అందకపోతే పాలలో వెన్న కాని ఘనపదార్థాలు, అనగా ఎస్.ఎన్.ఎఫ్., తగ్గుతాయి. నీళ్లు కలిపినా తగ్గుతాయి. చీటీలో కనిపించే అంకె ఒక్కటే, కారణాలు వేరు.

"ఏమక్కా, నీళ్లు పోసినావా?" అని పదిమందిలో అడిగితే ఆమె మరునాటి నుండి పాలు ప్రైవేటు వర్తకునికి పోస్తుంది. "అక్కా, ఈ పూట ఎస్.ఎన్.ఎఫ్. తగ్గింది, మేత ఏం వేస్తాండావు?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

కార్యదర్శులు పాటించవలసినవి:

1. పరీక్ష సభ్యుల ఎదుటనే జరగాలి. పాలు వేడిగా ఉంటే లాక్టోమీటర్ తక్కువ చూపుతుంది. ఉష్ణోగ్రత చూసి అంకె సరిచేయాలి. ఎందుకు సరిచేశారో చెప్పాలి.

2. అనుమానం తీరకపోతే సభ్యురాలి ఇంటికి వెళ్లి, పశువును పూర్తిగా పితికించి, ఆ పాల నుండి శాంపిల్ తీయాలి. చివరి ధారలలోనే వెన్న ఎక్కువ గనుక సగం పితికిన పాలు పనికిరావు.

3. ధర పట్టికను బోర్డుపై వ్రాయాలి. చదువు రానివారికి నోటితో చెప్పాలి. ధర మారేటప్పుడు ముందుగానే తెలపాలి.

4. దాణా, పశువైద్యం గురించిన ఫిర్యాదులను పుస్తకంలో వ్రాసి పాలకవర్గం ముందుంచాలి. వచ్చిన జవాబును అడిగినవారికి తిరిగి చెప్పాలి.

సభ్యులకూ బాధ్యత ఉన్నది. చీటీలో అంకె అర్థం కాకపోతే రచ్చకట్ట దగ్గర కాదు, పాల కేంద్రంలోనే అడగండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ధర పట్టికను చదివి వినిపించమని కోరండి. అది మీ హక్కు.