విప్పడం వచ్చిన చెయ్యి

పూసలు గుచ్చడం పైకి పిల్లల ఆటలా కనిపిస్తుంది. రాయపూర్‌లో 1875 నాటి మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియానికి వెళ్లినవారు శిల్పాలూ శాసనాలూ చూసి, గిరిజనుల నగల విభాగాన్ని గబగబా దాటేయడం తేలికే. అక్కడ కాసేపు నిలబడటం మంచిది. రాయపూర్‌కు దక్షిణాన దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని బస్తర్‌లో పూస అలంకారం మాత్రమే కాదు. అక్కడి మురియా గిరిజన యువతీయువకులు కలిసి గడిపే గోటుల్ అనే యువజన గృహ జీవితం మీద 1947లో పుస్తకం వెలువరించిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్, వాళ్ల పూసల దండలనూ తలపట్టీలనూ దువ్వెనలనూ ఎంతో శ్రద్ధగా పట్టించుకున్నాడు. వయసుకొచ్చిన పిల్లల చేతికి నేర్పు రావడం ఆ సమాజంలో పెద్ద విషయం.

ఇప్పుడు ఆ నేర్పును నగరంలో కూర్చుని నేర్చుకోవాలనుకునేవారికి మొదటి పాఠం గుచ్చడం కాదు, ఏరడం.

ఎందుకో తెలియాలంటే పూస ఎలా పుడుతుందో తెలియాలి. తిరుపతికి దగ్గర్లోని పాపానాయుడుపేటలో గాజు పూసలు చేసే పాత పద్ధతిని అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వివరంగా నమోదు చేశాడు. కరిగిన గాజు ముద్దను పొడవాటి ఇనుప గొట్టానికి పట్టించి, మధ్యలో బోలు చెదరకుండా, కొలిమిలోంచి సన్నటి గాజు గొట్టంగా లాగుతారు. చల్లారాక దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, బూడిదతో కలిపి మళ్లీ వేడిచేస్తారు. అంచులు నునుపెక్కుతాయి, బూడిద వల్ల రంధ్రాలు పూడిపోవు. పుదుచ్చేరి పక్కనున్న అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందట తయారైన పూసలదీ ఈ కోవే. ఇలా పుట్టిన పూసలన్నీ ఒకే కొలతలో ఉండవు. ఒకటి లావు, ఒకటి పలచన, ఒకదాని రంధ్రం సగమే తెరుచుకుని ఉంటుంది. వాటిని పక్కకు తీయకుండా మొదలుపెడితే పట్టీ వంకర పోతుంది, లేదా ఇరుకు రంధ్రంలో సూది విరుగుతుంది.

కొత్తవారు నల్లపూసలతో మొదలుపెట్టకపోవడం మేలు. నలుపు మీద రంధ్రమూ దారమూ కనపడవు. లేత రంగువి, 3 మిల్లీమీటర్ల పరిమాణంలో ఉండే 8 నంబరు పూసలు చేతికి అనువు. బాగా అలవాటయ్యాక 2 మిల్లీమీటర్ల 11 నంబరుకు దిగవచ్చు. పళ్లెంలో మెత్తటి గుడ్డ పరిస్తే పూసలు దొర్లిపోవు. దారం ఒక బార పొడవు చాలు. ఇంకా పొడుగైతే చిక్కుపడుతుంది. మొదట ఒక పూస ఎక్కించి, దానిలోంచే సూదిని మళ్లీ పోనిస్తే మిగతావి జారిపోకుండా అది ఆపుతుంది. తోక కనీసం ఒక జానెడు వదలాలి, చివర్లో దాన్ని పూసల్లోకి తిప్పి దాచడానికి.

తర్వాత పెయోట్ అనే కుట్టు. పది పూసలు ఎక్కిస్తే అవే మొదటి రెండు వరసలు. ఆపైన ఒక కొత్త పూస తీసుకోవడం, ఒకటి వదిలి తర్వాతి దానిలోంచి సూది పోనివ్వడం. అంతే. వరసకు ఐదు పూసలు పడతాయి. ఇక మిగిలిందల్లా బిగువు. గట్టిగా లాగితే పట్టీ ముడుచుకుంటుంది, వదులైతే దారం బయటపడుతుంది. తొందరలో ఉన్న చెయ్యి ఒక వరస ఒకలా, ఇంకో వరస ఇంకోలా లాగుతుంది. మనిషి ఆ పూట ఎలా ఉన్నాడో పట్టీ చెప్పేస్తుంది.

ఈ విద్యలో అసలు సంగతి తప్పు జరిగినప్పుడు బయటపడుతుంది. మూడో వరసలో ఒక పూస తప్పిందనుకుందాం. ఐదో వరసలో కనిపెడితే విప్పాల్సినవి 15 పూసలు. ఇరవయ్యో వరస దాకా కళ్లు మూసుకుంటే 90. ఈ లెక్క తెలిసీ చాలామంది ముందుకే సాగుతారు. ఎవరూ చూడరులే, తర్వాత సర్దుకుంటుందిలే అనుకుంటారు. పూసలు సర్దుకోవు. ఆ వంకర మీదే ప్రతి కొత్త వరసా నిలబడుతుంది. అదనంగా దూరిన పూసను పట్టకారుతో నలిపి తీసేవారూ ఉన్నారు, కానీ పగిలిన గాజు అంచు దారాన్ని కోయవచ్చు.

విప్పడానికీ పద్ధతి ఉంది. సూదితో వచ్చిన దారినే వెనక్కి వెళ్లకూడదు. సూది మొన దారాన్ని చీల్చుకుంటూ పోతే ముడి బిగిసి ఏదీ కదలదు. ముందు దారంలోంచి సూదిని తీసేయాలి, తర్వాత ఒక్కో పూస దగ్గర దారాన్ని మెల్లగా లాగాలి. కోపంలో ఉన్నవారు ఈ పని చేయలేరు. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలు ఆగకుండా ముందుకు పొమ్మని పదే పదే చెబుతాయి. వెనక్కి రావడాన్ని కూడా అంత ఓపిగ్గా నేర్పాలి. ఉద్యోగంలో తప్పుడు లెక్కను మొదటి రోజే చెప్పగలిగేవారికీ, మూడు నెలలు దాచేవారికీ తేడా తెలివిలో కన్నా ఈ అలవాటులోనే ఎక్కువగా ఉంటుంది.

ఇలాంటి ఓపిక పురాతన పూసలకూ అవసరమైంది. 1922లో బయటపడిన ఈజిప్టు రాజు టూటంఖామన్ సమాధిలో పాదరక్షల మీది పూసల పని, లోపలి దారం చివికిపోయి, ముట్టుకుంటే రాలిపోయే స్థితిలో కనిపించింది. తవ్వకాలు నడిపిన హోవార్డ్ కార్టర్ బృందం వేడి మైనం పోసి, అది గట్టిపడ్డాక పూసల వరస చెదరకుండా పైకి తీసింది. అదే సమాధిలోని, రంగుల బొమ్మలున్న ఒక్క పెట్టెను ఖాళీ చేయడానికి మూడు వారాలు పట్టింది. రాజుల సొత్తుకైనా, ఇంట్లో అల్లే పట్టీకైనా వేగం పనికిరాని చోట్లున్నాయి.

రాయపూర్‌లో నేర్చుకునేవారికి పండ్రీలోని ఛత్తీస్‌గఢ్ హాట్ అందుబాటులో ఉంది. నవంబరులో జరిగే రాష్ట్ర అవతరణ వేడుక రాజ్యోత్సవంలో చేతిపనుల దుకాణాలు ఉంటాయి. అక్కడ పూసల దండ కొనేటప్పుడు ముందువైపు రంగుల కన్నా వెనకవైపు చూడాలి. అంచు దగ్గర దారం ఎలా మలుపు తిరిగింది, ముడి ఏ పూసలో దాగింది, పాత దారం అయిపోయిన చోట కొత్తది ఎలా కలిసింది అని దుకాణంలోని కళాకారులను అడగాలి. వాళ్లకు వ్యవధి ఉంటే, అక్కడే నాలుగు వరసలు అల్లి చూపించమని కోరవచ్చు.