మెగాపిక్సెళ్లు పెరిగితే ఫోటో బాగుంటుందా?

సెలవుల్లో ఫోటో స్టూడియోల్లో పనికి వెళ్లేవాళ్లు మన హాస్టళ్లలో ఉన్నారు. రూపాయి రూపాయి కూడబెట్టి సెకండ్ హ్యాండ్ కెమెరా కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని మెగాపిక్సెళ్లు?" అనే. అది ఒక్కటే అడిగితే డబ్బు దండగ కావచ్చు. ఎందుకో చూద్దాం.

కెమెరాలో వెనకటి ఫిల్ము స్థానంలో ఇప్పుడున్నది సెన్సార్ అనే సిలికాన్ పలక. దాని నిండా గళ్లు. ఒక్కో గడి ఒక పిక్సెల్. పది లక్షల గళ్లయితే ఒక మెగాపిక్సెల్. గడిలో వెలుతురు పడితే ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. డాబా మీద బకెట్లు వరుసగా పెట్టి, దేనిలో ఎంత వాననీరు పడిందో కొలిచి రాసుకున్నట్టే ఇదీను. ఫోటో అంటే ఆ లెక్కల పట్టికే.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిన సీసీడీలో ఈ నీళ్లను బకెట్ నుంచి బకెట్‌కు చేతులు మార్చి, చివర ఒకచోట కొలుస్తారు. దీనికే 2009లో వారికి నోబెల్ వచ్చింది. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ సీసీడీతో చేసిన కెమెరాలో ఉన్నవి పదివేల పిక్సెళ్లే. ఒక్క ఫోటో క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది! 1990లలో ఎరిక్ ఫోసమ్ బృందం నాసా ప్రయోగశాలలో అభివృద్ధి చేసిన సీమాస్ సెన్సార్‌లో ఏ గడి దగ్గర ఆ గడికే కొలత సాధనం ఉంటుంది. కరెంటు తక్కువ, ఖర్చు తక్కువ. ఫోన్లలోకి కెమెరా రావడానికి ఇదే దారి వేసింది.

ఇక అసలు విషయం. వెలుతురు కూడా చినుకుల్లాగే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. గడిలో సగటున 100 ఎలక్ట్రాన్లుంటే తేడా 10 వరకు, అంటే 10 శాతం. 10,000 ఉంటే తేడా 100, అంటే 1 శాతమే. చీకటి ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు చాలావరకు ఈ తేడావే. కాబట్టి బకెట్ మూతి పెద్దదై ఉండాలి. మేము లెక్క కట్టి చూశాం. 36×24 మిల్లీమీటర్ల సెన్సార్‌పై 24 మెగాపిక్సెళ్లుంటే ఒక్కో గడి వెడల్పు 6 మైక్రాన్లు. చిన్న జేబు కెమెరాలో 6.2×4.6 మిల్లీమీటర్ల పలకపై 12 మెగాపిక్సెళ్లుంటే 1.55 మైక్రాన్లే. వైశాల్యంలో తేడా 15 రెట్లు! రాత్రి పెళ్లి మండపంలో పనిచేయాల్సిన మనకు ఇదే ముఖ్యం.

బకెట్లపై బట్టలారేసే తాళ్లు కడితే నీరు తగ్గుతుంది కదా! పాత సెన్సార్లలో గడుల పైన తీగలుండేవి. వాటిని కిందికి పంపి, వెలుతురు వెనుక వైపు నుంచి పడేలా చేసిన సెన్సార్లను సోనీ 2009లో కెమెరాల్లో అమ్మకానికి తెచ్చింది. చిన్న పలకలకు ఇది బాగా కలిసొచ్చింది. 2018 తర్వాత వచ్చిన 48 మెగాపిక్సెళ్ల ఫోన్లలో చాలావరకు నాలుగు గడుల్ని ఒకటిగా కలిపి మామూలుగా 12 మెగాపిక్సెళ్ల ఫోటోనే ఇస్తాయి. పెట్టె మీద మాత్రం 48 అని పెద్దక్షరాలు!

అందుకే దుకాణంలో ముందు సెన్సార్ కొలత అడగండి. లైటు ఒకటి ఆర్పించి, ఫ్లాష్ లేకుండా నల్లచొక్కా వేసుకున్న మనిషిని తీయండి. తెరపై పెద్దది చేసి చూడండి. చొక్కా మడతలు కనిపిస్తే బేరం మొదలుపెట్టండి, చుక్కలే కనిపిస్తే ఇంకో కెమెరా చూపించమనండి.