ఉత్తరాల పెట్టె బిగిసిపోయినప్పుడు

కంప్యూటరుతో పనిచేసే ప్రతి కార్యాలయంలోను ఏదో ఒకనాడు వినబడే మాట ఒకటి ఉన్నది: "మెయిల్ హ్యాంగ్ అయింది." తెర మీద ఉత్తరాల జాబితా కనబడుతూనే ఉంటుంది, మీట నొక్కితే పలకదు. మూసి తెరిస్తే కొంతసేపు నడిచి మరల బిగిసిపోతుంది. ఈ వ్యాధికి కారణాలు ఎట్టివి, చికిత్స ఏ వరుసలో చేయవలెను అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ముందుగా నా తప్పును చెప్పుకొనుట న్యాయం. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కార్యాలయంలో, ఉపకార వేతనాల దరఖాస్తుల రోజులలోనే, మెయిల్ ప్రోగ్రాం పదే పదే ఆగిపోసాగింది. తొందరపడి ప్రోగ్రాంను తొలగించితిని. "అంతా శుభ్రంగా ఉండవలెను" అని పాత ఫోల్డరును కూడ తుడిచి, మరల కొత్తగా స్థాపించితిని. ప్రోగ్రాం చక్కగా నడిచింది. కాని ఉత్తరాలు లేవు. అందులో ఒక విద్యార్థికి వచ్చిన ధ్రువీకరణ లేఖ కూడ పోయినది. దాని నకలు కొరకు ఆ పిల్లవాడు శ్రీకాకుళం నుండి విశాఖపట్నానికి రెండుసార్లు తిరుగవలసి వచ్చింది. యంత్రం చేసిన నష్టం కంటె నా చికిత్స చేసిన నష్టమే ఎక్కువ.

ఉత్తరం ఎక్కడ ఉన్నది?

మొదట వేసుకొనవలసిన ప్రశ్న ఇది. మన పట్టణానికి రైలులో వచ్చే ఉత్తరాల సంచులు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, అక్కడి నుండి పట్టణంలోకి రావలెను. ఉత్తరం మన చేతికి అందిన తరువాత తపాలా వారి వద్ద దాని ప్రతి ఉండదు. ఈ-మెయిలులో పాప్ అనే పద్ధతి ఇట్టిది. సర్వరులో ప్రతిని ఉంచమని మనం కోరకపోతే, ఉత్తరాన్ని మన యంత్రంలోకి దింపి అక్కడిది తుడిచివేస్తుంది. అప్పుడు మన డిస్కులో ఉన్నదే ఏకైక ప్రతి.

రెండవది ఐమాప్. దీనిని 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ రూపొందించినాడు. ఇందులో ఉత్తరం సర్వరులోనే ఉంటుంది. మన యంత్రంలో ఉండేది నకలు మాత్రమే. ఈ నకలు చెడినను మరల తెచ్చుకొనవచ్చును. నేను పోగొట్టిన ఉత్తరాలు మొదటి పద్ధతిలో వచ్చినవి. ఈ భేదం ఆనాడు నాకు తెలిసి ఉంటే ఫోల్డరు మీద చేయి వేసేవాడిని కాను.

ఆగుట అనగా ఏమి?

ఒక ప్రోగ్రాం అయిదు సెకన్ల సేపు మన మీటలకు బదులు చెప్పకపోతే, విండోస్ దానికి "నాట్ రెస్పాండింగ్" అని పేరు పెడుతుంది. అది మరణ వార్త కాదు. ప్రోగ్రాం లోపల ఏదో పెద్ద పనిలో మునిగి, మన వైపు తిరుగలేక ఉండవచ్చును. టాస్క్ మేనేజరు తెరిచి డిస్కు, ప్రాసెసరు కదులుతున్నవా అని చూడవలెను. కదులుతూ ఉంటే కొంతసేపు ఓపిక పట్టుట మేలు. వ్రాత మధ్యలో బలవంతంగా ఆపినచో బాగున్న ఫైలు కూడ చెడవచ్చును.

ముఖ్య కారణాలు

ఒకటి: ఫైలు బరువు. ఔట్‌లుక్ తన ఉత్తరాలన్నిటిని ఒకే పెద్ద ఫైలులో దాచుతుంది. 2002 వరకు వచ్చిన కూర్పులలో దాని పరిమితి 2 జీబీ. 2003, 2007 కూర్పులలో 20 జీబీ, 2010 నుండి 50 జీబీ. పరిమితికి చేరువైన కొలది వెదకుట మందగిస్తుంది. థండర్‌బర్డ్‌లో సాధారణంగా ఒక్కొక్క ఫోల్డరుకు ఒక్కొక్క ఫైలు. అందులో మనం తొలగించిన ఉత్తరం వెంటనే పోదు; "కాంపాక్ట్" చేసేవరకు లోపలనే చోటు ఆక్రమించి ఉంటుంది.

రెండు: సూచిక చెడుట. పుస్తకం బాగుండి విషయసూచిక తప్పుగా ఉన్నట్లు, ఉత్తరాలు క్షేమంగా ఉండి వాటి పట్టిక మాత్రం చెడవచ్చును.

మూడు: అదనపు హంగులు. యాడ్-ఇన్‌లు, ఉత్తరాలను పరీక్షించే యాంటీవైరస్, పంపుడు పెట్టెలో ఇరుక్కున్న భారీ అటాచ్‌మెంటు ఈ కోవలోనివి.

నాలుగు: విద్యుత్తు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో వేల సంఖ్యలో విద్యుత్ స్తంభాలు కూలినవి. అంత ఉపద్రవం అక్కరలేదు. ఉత్తరం వ్రాయబడుతున్న క్షణంలో కరెంటు పోయినా ఫైలు సగం వ్రాతతో మిగిలిపోగలదు.

చికిత్సా క్రమం

1. ప్రోగ్రాంను మూసి, ఉత్తరాల ఫైలును వేరొక డిస్కులోకి నకలు తీయవలెను. ఈ పని ముగియనిదే మరొకటి ముట్టరాదు.

2. డిస్కులో ఖాళీ చోటు ఉన్నదా చూడవలెను. నిండిన డిస్కు మీద ఏ మరమ్మతూ సాగదు.

3. హంగులు లేకుండా తెరువవలెను. కంట్రోల్ మీట నొక్కి ఉంచి ఔట్‌లుక్ తెరిస్తే సేఫ్ మోడ్ కావలెనా అని అడుగుతుంది. థండర్‌బర్డ్‌లో హెల్ప్ కింద ట్రబుల్‌షూట్ మోడ్ కలదు. అప్పుడు సాఫీగా నడిస్తే దోషం హంగులలోనిదని భావించవచ్చును. వాటిని ఒక్కొక్కటిగా మరల చేర్చి చూస్తే దొంగ దొరుకుతాడు.

4. ఇంటర్నెట్ తీసివేసి చూడవలెను. అప్పుడు ఆగకపోతే దోషం సర్వరుతో మాటలాడే దారిలో ఉన్నది. పంపుడు పెట్టెను, యాంటీవైరస్‌ను పరీక్షించవలెను.

5. అప్పటికీ ఆగితే ఫైలును బాగుచేయవలెను. థండర్‌బర్డ్‌లో ఫోల్డరు ప్రాపర్టీస్‌లోని "రిపేర్ ఫోల్డర్" సూచికను కొత్తగా కడుతుంది. ఔట్‌లుక్‌తో పాటు వచ్చే స్కాన్‌పీఎస్‌టీ అనే పరికరం ఫైలును పరీక్షించి సరిచేస్తుంది.

6. చివరగా కొత్త ప్రొఫైలు కట్టి చూడవలెను. పాతది తుడువక పక్కన ఉంచవలెను.

ప్రోగ్రాంను మరల స్థాపించుట ఈ జాబితాలో లేకపోవుట విద్యార్థులు గమనించి ఉంటారు. ప్రోగ్రాం ఒక చోట, ఉత్తరాలు మరొక చోట ఉంటాయి. ప్రోగ్రాం మాత్రమే మార్చితే చెడిన ఫైలు చెడినట్లే ఉంటుంది; వ్యాధి తిరిగి వస్తుంది. ఫైలును కూడ తుడిస్తే వ్యాధితో పాటు రోగి కూడ పోతాడు. నేను చేసినది ఆ రెండవ పని.

ఒక్కొక్కసారి ఒక్కటే మార్పు చేసి, దాని ఫలితాన్ని కాగితం మీద వ్రాసుకొనుట మరువరాదు. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. రసాయన ప్రయోగశాలలో మీరు నేర్చుకొనే నియమమే ఇది.

కళాశాల సంఘం వారికి మూడు మనవులు. కార్యాలయపు ఖాతాలు ఐమాప్ పద్ధతిలో ఉంచవలెను. ఉత్తరాల యంత్రానికి యూపీఎస్ అమర్చవలెను. నెలకొకసారి ఉత్తరాల నకలు వేరొక డిస్కులోకి తీసి, దానిని బీరువాలో భద్రపరచి, అప్పుడప్పుడు తెరిచి చూడవలెను. తెరుచుకొనని నకలు నకలు కాదు. ఉర్దూలో వచ్చిన ఉత్తరమైనను, తెలుగులో వచ్చినదైనను, దాని వెనుక ఒక విద్యార్థి సీటో, ఉపకార వేతనమో ఉండవచ్చును. మరొక పిల్లవాడు నకలు కొరకు విశాఖపట్నం బస్సు ఎక్కవలసిన అగత్యం రాకుండుటకు ఈ మాత్రం శ్రద్ధ చాలును.