సదరం నుంచి సొంత గడప దాకా: చేయవలసినవి, చేయకూడనివి

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 4,016. ఆ డబ్బుతోనే బియ్యం, మందులు గడిచే ఇళ్లు ఎన్నో. దానిమీద కన్నేసేవాళ్లూ ఉన్నారు. మంజూరు కావడం ఒక ఎత్తు, మీ చేతికి చేరడం ఒక ఎత్తు. ఇక ఇంటి విషయంలో చేతికొచ్చినా చాలదు, అది మీ ఒంటికి సరిపోవాలి.

సదరం పరీక్షకు ముందు

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్ ఉన్నవారు, యాసిడ్ దాడి బాధితులు కూడా అందులోకి వస్తారు. ఇది తెలియక దరఖాస్తే పెట్టనివారు ఉంటారు, మీ చుట్టుపక్కల ఉంటే చెప్పండి.

వైకల్య శాతాన్ని తేల్చే సదరం పరీక్షకు స్లాటు ఆంధ్రప్రదేశ్‌లో అయితే సచివాలయంలో, తెలంగాణలో అయితే మీసేవలో బుక్ చేయించుకుని రసీదు దాచుకోండి. ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు, పాత సర్టిఫికెట్లు అన్నీ తీసుకెళ్లండి. ఒరిజినల్స్ చూపించండి గానీ ఎవరికీ వదిలి రావద్దు, జిరాక్స్ ఇస్తే చాలు. తోడుగా ఒకరు, నీళ్లు, తిండి, వేళకు వేసుకునే మందులు ఉండాలి.

శాతం ఎక్కువ పడుతుందనే ఆశతో ఆ రోజు ఫిట్స్ మాత్రలు మానేయకండి. ఇది ప్రాణం మీదికి తెచ్చుకునే పని. పరీక్ష గది మేడ మీద ఉంటే మనుషుల చేత మోయించుకుని మెట్లు ఎక్కవద్దు. డాక్టరుగారిని కిందికి వచ్చి చూడమని అడగండి. ప్రభుత్వ భవనాలు అందరూ వెళ్లగలిగేలా ఉండాలని చట్టమే చెబుతోంది కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

"ఇంత ఇవ్వు, శాతం నేను వేయిస్తా" అనే దళారిని గడప దాటనివ్వకండి. లేని వైకల్యం చూపి లబ్ధి పొందితే, పొందాలని ప్రయత్నించినా, రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శిక్ష దళారితో ఆగదు, లబ్ధి పొందినవారికీ పడుతుంది.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారులకు మళ్లీ వైద్య పరీక్షలు జరిపి, 40 శాతం కంటే తక్కువ వచ్చినవారికి పింఛను ఆపుతామని నోటీసులు ఇచ్చారు. అలాంటిది వస్తే ఏడుస్తూ ఇంట్లో కూర్చోవద్దు, కాగితం తెచ్చిన ఉద్యోగిని తిట్టవద్దు. నోటీసు అందిన తేదీ దానిమీదే రాసిపెట్టుకుని, గడువులోగా అప్పీలు చేయండి. ఆ హక్కు చట్టంలో ఉంది.

వేలిముద్ర పెట్టేటప్పుడు

వేలు పెట్టేముందు అది దేనికో అడగండి. పెట్టాక పింఛను ఇచ్చే మనిషి ముందే డబ్బు లెక్కపెట్టుకోండి. "పడలేదు, మళ్లీ పెట్టండి" అంటే మిషన్ తెరమీద ఏముందో చూపించమనండి. బ్యాంకు ఖాతాలోంచి డబ్బు తీసే మిషన్‌కూ అదే వేలిముద్ర చాలు. చూపు లేనివారు, చదువు రానివారు ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేసేముందు, దానివల్ల లాభం లేని మరో మనిషి చేత పైకి చదివించుకోవాలి. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోవడం మంచిదే, కాకపోతే పింఛను రోజున తీసి మళ్లీ వేసుకోవాలి.

అప్పు ఇచ్చినవాడి దగ్గర ఏటీఎం కార్డు, పిన్ నంబరు తాకట్టు పెట్టవద్దు. ఒకసారి పోయిన కార్డు తిరిగి రావడం చాలా కష్టం. "లింకు నొక్కకపోతే పింఛను ఆగిపోతుంది" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఓటీపీ చెప్పి మోసపోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేజారుతుంది.

మానసిక ఎదుగుదల లోపం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పెద్దవారి తరఫున సంతకాలు పెట్టేందుకు, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు. "అన్నయ్య చూసుకుంటాడులే" అని ఖాళీ కాగితాల మీద వేలిముద్రలు వేయించకండి. నేను బంధువులను అనుమానించమనడం లేదు, ఆస్తికి రక్షణగా ఒక కాగితం ఉండాలంటున్నాను.

ఇల్లు

ఇళ్ల పథకాలన్నిటిలో 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్నవారికి 5 శాతం కేటాయించాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 37వ సెక్షన్ చెబుతుంది. వారిలో మహిళలకు ప్రాధాన్యం. అర్జీలో సదరం లేదా యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) నంబరు తప్పక రాయండి. రాయకపోతే మీరు మామూలు వరుసలోనే ఉండిపోతారు.

అపార్ట్‌మెంటు అయితే లాటరీకి ముందే కింది అంతస్తు కావాలని రాతపూర్వకంగా అడగండి. పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో దివ్యాంగులకు కింది అంతస్తుల్లో ప్రాధాన్యం ఉంది. తాళంచెవి తీసుకున్నాక మార్పించుకోవడం మహా కష్టం.

తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఒకేసారి రావు, పని నడిచేకొద్దీ విడతలుగా వస్తాయి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. అధికారులు ముగ్గు పోసి ఫొటో తీసేదాకా పునాది తవ్వకండి. మేస్త్రీకి ముందుగా మొత్తం ఇచ్చేయకండి.

మేస్త్రీతో మాట్లాడాల్సిందంతా పునాది దగ్గరే మాట్లాడాలి. ర్యాంపుకు ప్రతి అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు కావాలి. అరుగు మూడడుగులు లేపితే ర్యాంపు 36 అడుగులు! అంత స్థలం మనకెక్కడిది? వరద భయం లేని చోట అరుగు తగ్గించండి. గోదావరి పల్లంలో తగ్గించలేం కాబట్టి, గోడ వెంబడి మలుపు తిప్పి మధ్యలో చదునుగా ఆగే చోటు పెట్టించండి. "ఏం కాదు, ఎక్కేస్తారు" అని నిటారుగా పోసిన ర్యాంపు మీద వీల్‌చైర్ వెనక్కి పల్టీ కొడుతుంది.

తలుపులు మూడడుగుల వెడల్పు ఉండాలి. గడప నేలకు సమంగా ఉన్నా పసుపు రాసి బొట్టు పెట్టుకోవచ్చు, ఆనవాయితీ ఎక్కడికీ పోదు. బాత్రూం తలుపు బయటికి తెరుచుకునేలా బిగించండి. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ ఒళ్లే అడ్డం పడి ఎవరూ వెళ్లలేరు. పట్టుకునే కడ్డీ గోడలోకి గట్టిగా దిగాలి, తువ్వాలు ఆరేసే రాడ్ మనిషి బరువు మోయదు. నున్నటి టైల్స్ వద్దు. వెన్నుపూస దెబ్బతిన్నవారికి చెమట సరిగా పట్టక ఒళ్లు వేడెక్కుతుంది కాబట్టి వారి గదికి రేకుల కప్పు వేయించకండి.

పని జరగకపోతే

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. నంబరున్న రసీదు లేకుండా బయటికి రావద్దు. లంచం అడిగితే ఏసీబీ నంబరు 1064. లాయరు కావాలంటే 15100కు ఫోన్ చేయండి: దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం.