ఆకాశ్ పలక

బలపంతో అక్షరాలు దిద్దినవారికి పలక కొత్తది కాదు. 2011 అక్టోబరు 5న న్యూఢిల్లీలో కేంద్రమంత్రి కపిల్ సిబల్ ‘ఆకాశ్’ అనే టాబ్లెట్ కంప్యూటరును ఆవిష్కరించారు. విద్యార్థుల కోసం తలపెట్టిన ఈ ఏడంగుళాల పలకలను హైదరాబాదులో కూర్చారు. వెల స్వల్పం, ఆశ అనల్పం. అయితే దాని తెర మృదుస్పర్శకు పలికేది కాదు, నొక్కితేనే కదిలేది. బ్యాటరీ సుమారు మూడు గంటలే నిలిచేది. పుట జరపడానికే గోటితో నొక్కవలసి వస్తే చదువరి మనస్సు పాఠంపై నిలుస్తుందా? 2012 నవంబరులో వెలువడిన ‘ఆకాశ్ 2’లో వేలు తాకితే చాలు, తెర స్పందించింది. కనుక మొదటి పలకను కొనక ఏడాది ఆగినవారే వివేకులని నా అభిప్రాయం. ఊరిలో గ్రంథాలయమే లేని విద్యార్థి మాట వేరు. పుస్తకాలు ముందే నింపి ఇచ్చి ఉంటే, అతనికి ఆ మూడు గంటలూ తక్కువేమీ కావు.