అవార్డుకు దరఖాస్తు: ఒక పాఠం



ఆ మధ్య మన సొసైటీకి ఒక ఫోన్ వచ్చింది. మన సంస్థ ఉత్తమ సేవా పురస్కారానికి ఎంపికైందని, జ్ఞాపికకు, వేదిక ఖర్చులకు ఇరవై ఐదు వేలు పంపాలని చెప్పారు. మేము దరఖాస్తే పెట్టలేదు, మన పని చూడటానికి ఎవరూ రాలేదు. అయినా కమిటీలో కొందరు సంబరపడ్డారు. అప్పుడు ఒక పెద్దాయన, "ఆ డబ్బుతో ఎంతమంది పిల్లలకు పరీక్ష ఫీజు కట్టవచ్చో లెక్క వేయండి మాస్టర్ సాబ్" అన్నారు. లెక్క వేశాం. అవార్డు వద్దన్నాం.

అయితే అన్ని అవార్డులూ ఇలాంటివి కావు. నిజమైనదేదో తెలుసుకుని, నిజాయితీగా దరఖాస్తు చేయడం కూడా నేర్చుకోవలసిన విద్యే. మేము నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాం.

1. ముందు నియ్యత్

సేవను చాటుకుంటే రియా అవుతుందేమో అని కొందరు దాతలు అడిగారు. ఆ భయం మంచిదే. అల్ బఖరా సూరా 271వ ఆయత్ బహిరంగంగా దానం చేయడం మంచిదేనని చెబుతూ, పేదలకు గుట్టుగా ఇవ్వడం మరింత మేలని బోధిస్తుంది. అవార్డు వల్ల సంస్థ మీద నమ్మకం పెరిగి మరికొందరు పేదలకు సాయం అందుతుందనుకుంటే దరఖాస్తు చేద్దాం. అధ్యక్షుల ఫోటో పేపర్లో పడటానికే అయితే వద్దు.

2. ప్రశ్న చదివి జవాబు రాయాలి

ప్రశ్న చదవకుండా జవాబు రాసే పిల్లలకు మార్కులు రావు. సంస్థలకూ అంతే. పద్మ పురస్కారాలు వ్యక్తులకే గాని సంస్థలకు ఇవ్వరు. నామినేషన్ రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో పంపాలి, చేసిన సేవను 800 మాటలకు మించకుండా రాయాలి. సుభాష్ చంద్రబోస్ ఆపదా ప్రబంధన్ పురస్కారం విపత్తు నిర్వహణలో పనిచేసినవారికి. ఎంపికైన సంస్థకు 51 లక్షలు, వ్యక్తికి 5 లక్షలు ఇస్తారు. బాల కార్మికులను బడిలో చేర్పించిన కృషికి శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. దానికి మనంతట మనం దరఖాస్తు చేసుకునే వీలు లేదు, ఇతరులు ప్రతిపాదించాలి. కాబట్టి ఎవరికి, ఏ పనికి, ఎవరు ఇస్తున్నారు అన్న మూడూ చూశాకే కలం పట్టాలి.

3. కాగితాలు సిద్ధంగా ఉంచాలి

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్, పాన్, ఆదాయపు పన్ను శాఖ వారి 12ఎ, 80జి ఉత్తర్వులు, ఎన్జీవో దర్పణ్ నంబరు, ఆడిట్ అయిన లెక్కలు ఒకే ఫైలులో ఉండాలి. ఇవి అవార్డుకే కాదు, మీరిచ్చిన ప్రతి రూపాయికి జవాబు చెప్పడానికీ కావాలి. విదేశీ సంస్థ ఇచ్చే నగదును ఎఫ్‌.సి.ఆర్‌.ఎ. 2010 చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని, ముందస్తు అనుమతి గాని లేకుండా తీసుకోకూడదు. ఇక జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది పద్దులుగా చెప్పింది. దరఖాస్తు ఖర్చులు, ప్రయాణ ఖర్చులు అందులో లేవు. అవి జకాత్ ఖాతాను ముట్టకూడదు.

4. విశేషణాలు తగ్గించి లెక్క చెప్పాలి

మా మొదటి దరఖాస్తులో "ఎందరో నిరుపేదలకు అమోఘమైన సేవ" అని రాశాం. ఎందరో, ఏ సేవో చదివినవారికి తెలియలేదు. అది తిరిగి రావడంలో ఆశ్చర్యం లేదు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "పదో తరగతిలో 40 మందికి ఫీజు కట్టాం. 34 మంది పాసయ్యారు. తప్పిన ఆరుగురికి సప్లిమెంటరీ ముందు ట్యూషన్ పెట్టాం. నలుగురు గట్టెక్కారు, ఇద్దరు బడి మానేశారు." ఆ ఇద్దరినీ దాచకూడదు. తప్పును ఒప్పుకున్న దరఖాస్తునే పరీక్షించేవారు నమ్ముతారు.

5. పేదవారి పరువు అమానత్

ఈ పాఠం మేము తప్పు చేసి నేర్చుకున్నాం. కుట్టుమిషను అందుకున్న ఒక వితంతు సోదరి ఫోటోను ఆమెను అడగకుండానే దరఖాస్తుకు జతచేశాం, కరపత్రంలో కూడా వేశాం. ఆ కరపత్రం ఆమె కొడుకు చదివే బడికి చేరింది. "మీ అమ్మ దానం తీసుకుంది" అని తోటి పిల్లలు అన్నందుకు వాడు మూడు రోజులు బడికి రాలేదు. మేము ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఆ తల్లి మిషను మీద పని ఆపకుండానే, "మిషను ఇచ్చారు, అల్లాహ్ మీకు మేలు చేయుగాక. ఫోటో మాత్రం నన్ను అడిగి ఉండవలసింది భాయ్" అంది. ఆ రోజు నుంచి అనుమతి లేకుండా ముఖం గాని, పేరు గాని ఎక్కడా వేయడం లేదు. మిషను ఫోటో చాలు.

అవార్డు రాకపోయినా ఈ పని వృథా కాదు. దరఖాస్తు నింపేటప్పుడే మా ఫైళ్లు సర్దుకున్నాయి, లెక్కలు తేటపడ్డాయి, బడి మానేసిన ఆ ఇద్దరి లాంటి పిల్లలు ఎవరో మాకు గుర్తుకొచ్చారు. అవార్డు వస్తే ఆ నగదు లెక్క కూడా మీ ముందే ఉంచుతాం.

మన చిన్న ప్రయత్నాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.